సర్వే పూర్తయింది, గణాంకశాస్త్రం రాదు: సామాజిక పరిశోధన చేసేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: చిత్తూరు పరిశోధకురాలు

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో సమాజశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు తీసే పరిశ్రమల్లో, మా వైపు మాటలో జ్యూస్ ఫ్యాక్టరీల్లో, సీజన్ పనికి వెళ్లే మహిళల జీవన పరిస్థితులు నా పరిశోధనాంశం. బంగారుపాళ్యం, పూతలపట్టు, గుడిపాల మండలాల గ్రామాల్లో తిరిగి 200 మంది మహిళలతో మాట్లాడాము. 62 ప్రశ్నలున్న ప్రశ్నావళిని సగం మంది దగ్గర నేను, మిగిలిన సగం మంది దగ్గర మా చిన్నమ్మ కూతురు నింపాము. సమాచారమంతా ఎక్సెల్‌లోకి ఎక్కించడం కూడా పూర్తయింది. అసలు కష్టం ఇక్కడే మొదలైంది.

పదో తరగతి తర్వాత నేను లెక్కలు చదవలేదు. ఇంటర్‌లో హెచ్‌ఈసీ, డిగ్రీలో చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం, అన్నీ తెలుగు మాధ్యమంలోనే చదివాను. పీహెచ్‌డీ కోర్సు వర్క్‌లో గణాంకశాస్త్రం ఒక యూనిట్‌గా ఉన్నా, పరీక్ష కోసం సూత్రాలు బట్టీపట్టి రాసి మరిచిపోయాను. తెలిసినవాళ్లు చెబితే ఒక కంప్యూటర్ సెంటర్‌కు వెళ్లాను. అక్కడి వ్యక్తి డబ్బు తీసుకుని రెండు రోజుల్లో 40 పేజీల పట్టికలు చేతికిచ్చాడు. అందులో కై-స్క్వేర్, టీ-టెస్ట్, అనోవా, కోరిలేషన్ వంటి గణాంక పరీక్షలన్నీ ఉన్నాయి. ఒక పట్టికలో "కులం: సగటు 2.61" అని ఉంది. ఆ 2.61 అంటే ఏమిటని గైడ్ గారు అడిగితే తల దించుకుని నిలబడ్డాను. ఆయన కోప్పడలేదు. "నువ్వు తిరిగిన ఊళ్లు, నువ్వు మాట్లాడిన మనుషులు ఇందులో ఎక్కడున్నారో చూపించమ్మా" అని మాత్రం అన్నారు. ఆ మాట అప్పటి నుంచి నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఆ పట్టికల్లో ఒక్కో కుటుంబానికి సగటు అప్పు అని వేసిన అంకె, ఊళ్లలో నేను కళ్లారా చూసినదానికి ఏమాత్రం పొంతన లేకుండా ఎక్కువగా ఉంది. నా డేటాను నేనే అర్థం చేసుకుని, నేనే విశ్లేషించి, వైవాలో ఎవరు ఏమడిగినా నా నోటితో నేను సమాధానం చెప్పాలన్నది నా కోరిక. అందుకు ఎంత గణితం రావాలి, ఏ వరుసలో నేర్చుకోవాలి, 200 మంది సరిపోతారా? అనుభవమున్న పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు, తిరుపతి

అమ్మా, డిగ్రీ విద్యార్థులకు ఎన్నో ఏళ్లు గణాంకశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. మీ గైడ్ గారు అడిగిన ప్రశ్న కన్నా మంచి మొదటి పాఠం నేను చెప్పలేను. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, శాతం, వర్గమూలం, ఇంతవరకు వస్తే మీ పరిశోధనకు కావలసిన గణితం మీ దగ్గర ఉన్నట్టే. మిగిలినదంతా ఆలోచనకు సంబంధించినది, సమాజశాస్త్రం చదివిన మీకు ఆ అలవాటు ఉండే ఉంటుంది.

ఆ 40 పేజీలను బీరువాలో పెట్టేయండి. ఖాళీ ప్రశ్నావళి ఒకటి, పెన్సిలు ఒకటి తీసుకుని కూర్చోండి. ఒక్కో ప్రశ్న పక్కన, దానికి వచ్చే జవాబు ఏ రకానిదో రాయండి. అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఎస్.ఎస్. స్టీవెన్స్ 1946లో కొలతలను నాలుగు రకాలుగా విభజించాడు, చాలా పాఠ్యపుస్తకాలు నేటికీ ఆ విభజననే అనుసరిస్తున్నాయి. మొదటి రకంలో అంకె కేవలం పేరుకు బదులు వాడే గుర్తు. కులానికి 1, 2, 3, 4 అని మీరు వేసిన కోడ్లు అటువంటివి. బస్సుల రూటు నంబర్లను కూడి సగటు తీస్తే ఏమీ తెలియనట్టే, కులం కోడ్ల సగటు 2.61 అన్నదానికి కూడా ఏ అర్థమూ లేదు. కంప్యూటర్‌కు అది కులమని తెలియదు, అంకెలు కనిపించాయి కాబట్టి కూడి భాగించింది. అక్కడ చేయదగిన పని, ఏ వర్గం వారు ఎంతమంది, నూటికి ఎంతమంది అని లెక్కించడం ఒక్కటే.

రెండవ రకంలో వరుస ఉంటుంది కానీ మెట్ల ఎత్తు సమానమని చెప్పలేము. చదువు లేదు, ప్రాథమిక, ఉన్నత పాఠశాల, ఇంటర్, డిగ్రీ అన్న జవాబులు ఇటువంటివి. "పూర్తిగా ఏకీభవిస్తాను" మొదలు "అసలు ఏకీభవించను" వరకు ఐదు మెట్లుండే ప్రశ్నలు, అంటే 1932లో రెన్సిస్ లైకర్ట్ ప్రవేశపెట్టిన పద్ధతిలో అడిగేవి, ఒక్కొక్కటిగా తీసుకుంటే ఇవీ ఈ రకమే. మూడవ రకంలో మెట్లు సమానమే కానీ సున్నా అన్నది మనం పెట్టుకున్న గుర్తు, ఉష్ణోగ్రత కొలిచే డిగ్రీల్లాగా. మీ ప్రశ్నావళిలో ఇది బహుశా ఉండదు. నాలుగవ రకంలో సున్నా అంటే నిజంగా ఏమీ లేదని అర్థం: వయసు, కూలి, అప్పు, పనికి వెళ్లిన రోజులు. సగటుకు నిండు అర్థం ఉండేది ఇటువంటి చోట. ఈ వర్గీకరణకు మీకు ఒక పూట పడుతుంది, కానీ ఏ ప్రశ్నకు ఏ పరీక్ష వాడాలన్న సందేహంలో చాలా భాగం ఆ పూటతోనే తీరిపోతుంది.

ఇక అప్పు సంగతి. సగటు ఎక్కడ మోసం చేస్తుందో కాగితం మీద చూపిస్తాను. ఉదాహరణకు 11 కుటుంబాల అప్పు, వేల రూపాయల్లో, ఇలా ఉందనుకుందాం: 0, 0, 10, 15, 20, 20, 25, 30, 40, 50, 450. మొత్తం 660, సగటు 60. అంటే "ఈ ఊళ్లో సగటు కుటుంబం అప్పు 60 వేలు" అని రాస్తాము. కానీ 11 కుటుంబాల్లో 10 కుటుంబాలకు అప్పు 60 వేల కన్నా తక్కువే. బిడ్డ పెళ్లికో, ఆపరేషన్‌కో 450 వేలు తెచ్చిన ఒక్క ఇల్లు సగటును తనవైపు లాగేసింది. అదే విలువలను వరుసలో పెట్టి నడుమ ఉన్న ఆరవదాన్ని తీసుకుంటే 20 వస్తుంది. దాన్నే మధ్యగతం, అంటే మీడియన్, అంటాము. ఆ 450 వేలు 900 వేలైనా మధ్యగతం కదలదు. ఆదాయం, అప్పు, భూమి వంటివాటిలో కొద్దిమంది దగ్గర చాలా ఎక్కువ ఉంటుంది కాబట్టి, వాటికి మధ్యగతాన్ని తప్పకుండా ఇవ్వండి. అయితే ఆ ఒక్క ఇంటిని తీసివేయకండి. ఆ ఇంటికి అంత అప్పు ఎందుకైందన్నది మీ సిద్ధాంత గ్రంథంలో ఒక పేజీకి తగిన విషయం.

మీ సగటు ఎక్కువ రావడానికి ఇదొక్కటే కారణం కాకపోవచ్చు. "చెప్పలేదు" అన్న జవాబుకు ఎక్సెల్‌లో ఏం వేశారో చూడండి. 99, 999, 99999 వంటి కోడ్లు వేసి, ఆ సంగతి లెక్క కట్టేవారికి చెప్పకపోతే, కంప్యూటర్ ఆ తొమ్మిదులను రూపాయలుగా కూడేస్తుంది. అప్పు లేదు అన్నవారికి సున్నా వేశారా, గడి ఖాళీగా వదిలారా అన్నది కూడా చూడండి. ఖాళీ గడికి, సున్నాకు ఎంతో తేడా ఉంది. సున్నా ఒక జవాబు, ఖాళీ జవాబు లేకపోవడం.

ఒక్క మాట అడుగుతాను. నెల ఆదాయం గురించి మీ ప్రశ్నావళిలో ఏ మాటలతో అడిగారు?

జవాబు: సర్వే పర్యవేక్షకుడు

మేడమ్, నేను ఇంటింటి సర్వేలకు మనుషులను పంపి, వారు తెచ్చిన ఫారాలను పరిశీలించే పని చేస్తాను. 200 మంది సరిపోతారా అని అడిగారు. సంఖ్య కన్నా ముందు, ఆ 200 మంది మీకు ఎలా దొరికారో చెప్పాలి.

తిరుమలలో భక్తులు దర్శనానికి ఎంతసేపు వేచి ఉంటారో తెలుసుకోవాలని ఒకరు 300 రూపాయల టికెట్ వరుస దగ్గర నిలబడి, బయటికి వచ్చేవారిని లక్ష మందిని అడిగినా, సర్వదర్శనం వరుసలో నిలబడినవారి సంగతి ఆయనకు తెలియదు. 1936 అమెరికా ఎన్నికల్లో ఇదే జరిగింది. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక సుమారు కోటి మందికి కార్డులు పంపి, 24 లక్షల దాకా జవాబులు తెప్పించుకుని, రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. కానీ ఆయన ప్రత్యర్థి, అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. టెలిఫోన్లు, కార్లు ఉన్నవారి జాబితాల నుంచి ఎక్కువ పేర్లు తీసుకోవడం, కార్డు తిరిగి పంపినవారికి, పంపనివారికి మధ్య తేడా ఉండటం, ఈ రెండూ కలిసి 24 లక్షల జవాబులను పనికిరాకుండా చేశాయి. సంఖ్య పెంచితే యాదృచ్ఛిక దోషం, అంటే ఎవరు దొరికారన్న అదృష్టం వల్ల వచ్చే తేడా, తగ్గుతుంది కానీ, ఎంపికలో ఉన్న వంకర అలాగే ఉంటుంది.

జ్యూస్ ఫ్యాక్టరీల పనివారు మేస్త్రీల ద్వారా, అంటే కూలీలను కుదిర్చే మధ్యవర్తుల ద్వారా, షేర్ ఆటోల్లో గుంపుగా వెళతారని విన్నాను. మీరు కూడా మేస్త్రీల సాయంతోనే వారిని కలిసి ఉంటారని అనుకుంటున్నాను. అలాగైతే రెండు విషయాలు ఒప్పుకుని రాయాలి. ఒకటి, మేస్త్రీతో గొడవపడి మానేసినవారు, జబ్బుచేసి ఆ ఏడాది పనికి రానివారు మీ లెక్కలో లేరు. రెండు, ఒకే ఆటోలో వచ్చే పది మంది ఒకే ఊరివారు, తరచుగా ఒకే వాడవారు, ఒకే కూలికి ఒకే మేస్త్రీ కింద పనిచేసేవారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు, అది ఒకే కుండలో అన్నానికి సరిపోయే మాట. ఒకే ఆటోలో పదో మనిషిని అడిగినప్పుడు, తొమ్మిది మంది చెప్పనిది ఆమె చెప్పేది కొంచెమే.

దీనికి లెక్క ఉంది. ఒక్కో గుంపులో సగటున 10 మంది ఉండి, గుంపులోని వారి జవాబుల మధ్య పోలిక 0.1 అనుకుంటే (పోలికే లేకపోతే 0, అందరిదీ ఒకే జవాబైతే 1), 10లో ఒకటి తీసేసి 0.1తో గుణించి 1 కలపాలి. 1.9 వస్తుంది. దీన్ని డిజైన్ ఎఫెక్ట్ అంటారు. మీ 200 మందిని 1.9తో భాగిస్తే సుమారు 105. విడివిడిగా చీటీలు తీసి ఎంచుకున్న 105 మంది ఎంత సమాచారం ఇస్తారో, ఆటోల వారీగా దొరికిన మీ 200 మంది అంతే ఇస్తారన్నమాట. శాతాల్లో చెప్పాలంటే, 200 మంది సాదా శాంపిల్‌లో సగానికి సగం వచ్చే జవాబుకు ఎక్కువ తక్కువ సుమారు 7 శాతం, మీ విషయంలో 10 శాతం దాకా ఉంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వంటి పెద్ద సర్వేలు కూడా ముందు గ్రామాలను, తర్వాత ఆ గ్రామాల్లో ఇళ్లను ఎంచుకుంటాయి. 2019-21లో జరిగిన అయిదవ విడతలో సుమారు 6.37 లక్షల ఇళ్లు ఉన్నా, ఈ గుంపుల ప్రభావాన్ని వారు లెక్కలో చేర్చుకుంటారు. కాబట్టి ఏ మహిళ ఏ ఆటోలో వచ్చిందో ఎక్సెల్‌లో ఒక నిలువు వరుసగా చేర్చండి. ఇప్పుడు చేర్చకపోతే తర్వాత ఎవరికీ గుర్తుండదు.

మీరూ మీ చెల్లెలూ చెరి సగం నింపారన్న మాట విని ఇంకొకటి చెప్పాలనిపించింది. 1931లో కలకత్తాలో భారతీయ గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్, బెంగాల్ జనపనార సర్వేల కాలంలో ఒక పద్ధతి తెచ్చారు. ఒకే ప్రాంతంలో, ఒకే పద్ధతిలో ఎంచిన రెండు శాంపిళ్లను రెండు బృందాలకు ఇచ్చి, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా సర్వే చేయించేవారు. ఇద్దరి ఫలితాలూ దగ్గరగా వస్తే సరే. దూరంగా వస్తే, ప్రజల్లో ఉన్న తేడా కన్నా అడిగినవారి తీరులో ఉన్న తేడా బయటపడుతుంది. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వేలోనూ ఈ పద్ధతి కొనసాగింది. మీరిద్దరూ ఒకే ఊళ్లలో తిరిగి ఉంటే, మీ 100 ఫారాలను, ఆమె 100 ఫారాలను విడివిడిగా లెక్కించి పక్కపక్కన పెట్టి చూడండి. ఒక గంట పని, నా అనుభవంలో ఇంత ఉపయోగపడే గంట మరొకటి లేదు.

జవాబు: మరొక పరిశోధక విద్యార్థిని, తిరుపతి

పెద్దలు ముఖ్యమైనవన్నీ చెబుతున్నారు, నేను సాధనాల గురించి మాత్రం చెబుతాను. ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేక నేను జమోవి అనే మరొకటి వాడాను. అది ఉచితం. ఎక్సెల్ ఫైలును సీఎస్‌వీగా భద్రపరిచి తెరిస్తే చాలు. ఒక్కో నిలువు వరుస ఏ రకం కొలతో అందులో మనమే చూసి పెట్టుకోవచ్చు కాబట్టి, కులానికి సగటు తీసే పొరపాటు చేసే అవకాశం తగ్గుతుంది. తర్వాత ఆసక్తి ఉంటే ఆర్ నేర్చుకోవచ్చు, అదీ ఉచితమే. పాఠాలకు తెలుగు అకాడమీ వారి డిగ్రీ గణాంకశాస్త్ర పుస్తకాలు, ఇగ్నో వారి ఈ-జ్ఞానకోశ్‌లో పరిశోధన పద్ధతుల పాఠాలు నాకు ఉపయోగపడ్డాయి. రెండోది ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి ఒక నోటుపుస్తకంలో జంట పదాలు రాసుకున్నాను: అంకమధ్యమం అంటే మీన్, ప్రామాణిక విచలనం అంటే స్టాండర్డ్ డీవియేషన్, శూన్య పరికల్పన అంటే నల్ హైపాథెసిస్. తెలుగు మాధ్యమం వారికి సగం భయం మాటల దగ్గరే ఉంటుంది అక్కా, లెక్క దగ్గర కాదు.

చిత్తూరు పరిశోధకురాలు

మీ అందరికీ నా కృతజ్ఞతలు. రెండు రోజులు ఆ ఫైలుతోనే కూర్చున్నాను.

సార్ చెప్పినట్టే, అప్పు వరుసలో 9 గడుల్లో 99999 ఉంది. "చెప్పడానికి ఇష్టపడలేదు" అన్నదానికి మా చెల్లెలు ఆ కోడ్ వేసింది, నేను ఖాళీగా వదిలాను. ఇద్దరం ఒక మాట అనుకోకపోవడం నా తప్పు. ఆ 9 గడులను సరిచేసి, మధ్యగతం తీసి చూస్తే, నేను ఊళ్లలో చూసినదానికి దగ్గరగా ఉన్న అంకె వచ్చింది. మొదటిసారి ఆ అంకెలో మనుషులు కనిపించారు.

నెల ఆదాయం గురించి సార్ అడిగారు. మా ప్రశ్న "మీ నెలసరి ఆదాయం ఎంత?" అని మాత్రమే ఉంది. ఆ రోజు గుడిపాల వైపు ఒక పెద్దావిడ, గుమ్మంలో కూర్చుని వేరుశనగకాయలు ఒలుస్తూ, "ఏ నెలది అడగతా ఉండావు పాపా? కాయల నెలదా, ఇప్పటిదా?" అని నన్నే ఎదురు అడిగింది. నాకు తోచక "ఏదో ఒకటి చెప్పమ్మా" అన్నాను. ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని జూన్ నెల కూలి చెప్పింది. ఇప్పుడు ఇద్దరి ఫారాలూ వేరుచేసి చూస్తే, నేను నింపిన వాటిలో ఆదాయం బాగా ఎక్కువగా ఉంది, మా చెల్లెలు నింపిన వాటిలో తక్కువగా ఉంది. మేమిద్దరం ప్రతి ఊరికీ కలిసే వెళ్లాము. అడిగితే, తాను "ఇప్పుడు ఎంత వస్తోంది?" అని అడిగానని చెప్పింది. మేము సర్వే చేసింది అక్టోబరులో, అప్పటికి ఫ్యాక్టరీల్లో సీజన్ పని అయిపోయింది. అంటే ఒకే వరుసలో రెండు వేర్వేరు ప్రశ్నల జవాబులు కలిసిపోయాయి. దీనికి ఏమైనా దారి ఉందా?

మరొక సందేహం. మేస్త్రీ ద్వారా వెళ్లేవారు ముందుగా అడ్వాన్సు తీసుకోవడం ఎక్కువగా ఉందని నాకు అనిపించింది. రెండు విషయాల మధ్య సంబంధం ఉందో లేదో చూడటానికి కై-స్క్వేర్ పరీక్ష వాడాలంటారు. దాన్ని యంత్రం సాయం లేకుండా ఒక్కసారైనా నా చేత్తో చేయాలని ఉంది.

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు, తిరుపతి

అమ్మా, ఆదాయం వరుసను ఉన్నది ఉన్నట్టుగా విశ్లేషించకండి. ఏ సూత్రమూ ఆ రెండు ప్రశ్నలను విడదీయలేదు. వీలైతే అందరినీ, వీలుకాకపోతే ఆటోల జాబితా నుంచి చీటీలు తీసి కొందరినైనా మళ్లీ కలిసి, సీజన్‌లో ఎన్ని నెలలు, వారానికి ఎన్ని రోజులు, రోజుకు ఎంత కూలి, సీజన్ లేని నెలల్లో ఏ పని, ఎంత కూలి అని విడివిడిగా అడగండి. ఏడాది ఆదాయాన్ని మీరే కట్టుకోవచ్చు. ఆ పెద్దావిడ అడిగిన ఎదురు ప్రశ్నను మీ పద్ధతుల అధ్యాయంలో ఆమె మాటల్లోనే రాయండి. మీ ప్రశ్నలోని లోపాన్ని ఆమె మీకన్నా ముందు పట్టుకుంది.

కై-స్క్వేర్‌ను కార్ల్ పియర్సన్ 1900లో ప్రచురించాడు. చేతి లెక్కకు వీలుగా ఊహించిన అంకెలతో చేద్దాం, తర్వాత మీ అంకెలు వేసుకోండి. 200 మందిలో మేస్త్రీ ద్వారా వెళ్లేవారు 120 మంది, నేరుగా వెళ్లేవారు 80 మంది అనుకుందాం. మొదటివారిలో 66 మంది, రెండవవారిలో 24 మంది అడ్వాన్సు తీసుకున్నారు. తీసుకోనివారు 54, 56. ముందు శాతాలు చూడండి: మేస్త్రీ ద్వారా వెళ్లేవారిలో 55 శాతం, నేరుగా వెళ్లేవారిలో 30 శాతం. తేడా 25. పాఠకుడికి కావలసిన వార్త ఇదే, పరీక్ష దీని తర్వాతే.

ఇప్పుడు, మేస్త్రీకి, అడ్వాన్సుకు ఏ సంబంధమూ లేదని ఒక్క క్షణం ఒప్పుకుందాం. ఇదే శూన్య పరికల్పన. మొత్తం మీద 200 మందిలో 90 మంది, అంటే 45 శాతం, అడ్వాన్సు తీసుకున్నారు. సంబంధం లేకపోతే 120 మందిలోనూ 45 శాతం, అంటే 54 మంది, 80 మందిలో 36 మంది తీసుకుని ఉండాలి. తీసుకోనివారు 66, 44 ఉండాలి. నిజంగా కనిపించినదానికి, ఉండవలసినదానికి ప్రతి గడిలోనూ తేడా 12. 12 వర్గం 144. దాన్ని ఉండవలసిన సంఖ్యతో భాగిస్తే వరుసగా 144/54 = 2.67, 144/66 = 2.18, 144/36 = 4.00, 144/44 = 3.27. మొత్తం 12.12. రెండు అడ్డు వరుసలు, రెండు నిలువు వరుసలున్న పట్టికకు స్వేచ్ఛా పరిమాణం (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) 1, దానికి 5 శాతం స్థాయిలో హద్దు, అంటే సంబంధం లేకపోయినా నూటికి ఐదుసార్లు మాత్రమే దాటే హద్దు, 3.84. మన సంఖ్య దాన్ని చాలా దూరం దాటింది.

దాటితే ఏమని రాయాలన్నదే అందరూ తడబడే చోటు. పీ-విలువ వెయ్యికి ఒకటి కన్నా తక్కువ వస్తుంది. దాని అర్థం ఇది: సంబంధమే లేని లోకంలో ఇదే సర్వేను మళ్లీ మళ్లీ చేస్తే, ఇంత తేడా గానీ, ఇంతకు మించిన తేడా గానీ వెయ్యిసార్లలో ఒకసారి కూడా కనిపించదు. శూన్య పరికల్పన నిజమయ్యే అవకాశం వెయ్యికి ఒకటి అని రాయకూడదు, అది వేరే ప్రశ్నకు జవాబు. తేడా పెద్దదనీ, ముఖ్యమైనదనీ పీ-విలువ చెప్పదు. 0.05 అన్న హద్దు రోనాల్డ్ ఫిషర్ 1925లో వీలు కోసం సూచించినది. ఆ ఒక్క హద్దు మీదే నిర్ణయాలు తీసుకోవద్దని అమెరికా గణాంకశాస్త్ర సంఘం 2016లో ప్రత్యేకంగా ప్రకటన చేయవలసి వచ్చింది. మీ 40 పేజీల్లో చుక్కలు, అంటే పీ-విలువ 0.05 కన్నా తక్కువని చూపే * గుర్తులు, పెట్టిన ఫలితాలు ఎన్నో ఉంటాయి. 62 ప్రశ్నలను రెండేసి చొప్పున జత చేస్తే 1,891 జతలు. అసలు ఏ సంబంధమూ లేకపోయినా నూటికి ఐదు చొప్పున 90కి పైగా జతలకు చుక్కలు పడతాయి. అందుకే పరీక్షించే నాలుగైదు ప్రశ్నలను మీ సమాజశాస్త్రం నుంచి ముందే ఎంచుకుని, వాటినే పరీక్షించండి.

పర్యవేక్షకుడు గారు చెప్పిన ఆటోల విషయం ఇక్కడ మళ్లీ వస్తుంది. కై-స్క్వేర్, ప్రతి మనిషి జవాబూ మిగిలినవారితో సంబంధం లేనిదని అనుకుంటుంది. ఒకే మేస్త్రీ కింద పది మంది ఉన్నప్పుడు అది నిజం కాదు. గుంపులుగా తీసిన శాంపిళ్లకు ఈ పరీక్షను ఎలా సరిచేయాలో జె.ఎన్.కె. రావు, ఎ.జె. స్కాట్ 1981లో చూపించారు. దాని స్థూల రూపంలో 12.12ను పర్యవేక్షకుడు గారు చెప్పిన 1.9తో భాగిస్తే 6.38 వస్తుంది. ఇంకా 3.84 పైనే ఉంది కాబట్టి మన ముగింపు నిలబడింది, కానీ ధీమా తగ్గింది. అసలు తేడా ఉండగల హద్దులు (95 శాతం విశ్వాస అంతరం) మన 25 శాతం తేడాకు సాదా లెక్కలో సుమారు 12 నుంచి 38, ఈ సవరణతో సుమారు 6.5 నుంచి 43.5. పీ-విలువ కన్నా ఈ హద్దులను రాయడం నాకు ఇష్టం, ఎందుకంటే మనకు ఎంత తెలుసో, ఎంత తెలియదో రెండూ అందులో కనిపిస్తాయి.

ఇక, మేస్త్రీ వల్లే అడ్వాన్సు పెరిగిందని మాత్రం రాయకండి. ముందే అప్పుల్లో ఉన్న కుటుంబాలు అడ్వాన్సు కోసమే మేస్త్రీ దగ్గరికి వెళ్లి ఉండవచ్చు. మధ్యగతం కన్నా అప్పు ఎక్కువ ఉన్నవారిని, తక్కువ ఉన్నవారిని వేరుచేసి, ఇదే పట్టికను రెండుసార్లు వేయండి. రెండింటిలోనూ తేడా నిలిస్తే ఒక రకంగా, ఒకదానిలోనే నిలిస్తే ఇంకొక రకంగా మీ అధ్యాయం నడుస్తుంది.

చిత్తూరు పరిశోధకురాలు

సార్, మీ పట్టికను చేత్తో మూడుసార్లు చేశాను. మొదటిసారి 144ను కనిపించిన సంఖ్యలతో భాగించి తప్పు చేశాను, మూడోసారి 12.12 వచ్చింది. నా అంకెలతో కూడా వేశాను, కానీ ఆటో వరుస నింపడం పూర్తయ్యేదాకా ఆ ఫలితాన్ని రాయను. 11 మంది ఏ ఆటోలో వచ్చారో మాకు గుర్తు రావడం లేదు. ఆదివారం మేమిద్దరం గుడిపాల, బంగారుపాళ్యం వెళ్తున్నాము. ఆటో సంగతి అడగడంతో పాటు, ఆదాయం ప్రశ్నను మీరు చెప్పినట్టు నెలల వారీగా విడగొట్టి కొత్త ఫారం రాసుకున్నాము. మొదటి ఫారాన్ని గుడిపాల పెద్దావిడ దగ్గరే నింపి, ప్రశ్న ఆమెకు సూటిగా అర్థమవుతోందో లేదో చూసి, ఆ తర్వాతే మిగిలినవారి దగ్గరికి వెళతాము.